నాటడానికి ముందే కంచె: న్యూజెర్సీ పెరట్లో నా అనుభవం

మధ్య న్యూజెర్సీలో మే రెండో వారం వరకు లేత మొక్కలను మాడ్చే మంచు పడే అవకాశం ఉంటుంది కనుక, బీర, సొర, దోస విత్తనాలను ఏప్రిల్‌లో ఇంట్లోనే కాగితపు కప్పుల్లో మొలిపించి, నేల వేడి 65 డిగ్రీల ఫారన్‌హీట్ దాటాకే మడిలో నాటుకోవాలి. కిటికీ దగ్గర నారు ఎదుగుతున్న ఆ వారాల్లోనే కలుపు పని, కంచె పని ముగించాలని నిర్ణయించుకున్నాను.

ఏప్రిల్ మొదట్లోనే మడిని తవ్వి, ఎరువు కలిపి, చదును చేసి, విత్తనం వేసినట్టే నీరు పెట్టి వదిలేశాను. పై పొరలో ఉన్న కలుపు గింజలు రెండు మూడు వారాల్లో మొలిచాక, ఎండ కాసే రోజు చూసుకుని దోకుడు పారతో పైపైన గీకి తీసేశాను. లోతుగా తవ్వకపోవడమే ఇందులో కిటుకు, ఎందుకంటే మట్టిని మళ్లీ తిరగేస్తే అడుగున ఉన్న గింజలు వెలుగు తగిలి మొలుస్తాయి. తుంగ మాత్రం దీనికి లొంగదు. ఆకు తెగినా గడ్డ నుంచి మళ్లీ లేస్తుంది, ప్లాస్టిక్ షీటును సైతం పొడుచుకుని వస్తుంది. గడ్డతో సహా పెకలించడం తప్ప నాకు మరో దారి కనిపించలేదు. వేడి పెరిగాక మొలిచే గంగవాయిలి కూర కూడా ఇక్కడివారికి కలుపే. మా అత్తగారు దాన్ని పప్పులో వేస్తారు కనుక నాకు దానితో పేచీ లేదు గాని, తెగిన కాడ తడి మట్టిమీద పడితే మళ్లీ వేళ్లూనుకుంటుంది కాబట్టి పీకింది పీకినట్టే బుట్టలో వేశాను. నాటిన తరువాత మొక్కల నడుమ అట్టపెట్టెల ముక్కలు పరచి, తడిపి, గోధుమ గడ్డి కప్పాను. పొరుగువారు తమ పచ్చిక కోసిన గడ్డి ఇస్తామన్నారు. దానికి కలుపుమందు కొట్టి ఉంటే టమాటా, చిక్కుడు ఆకులు ముడుచుకుపోతాయని వద్దన్నాను.

ఇక జంతువులు. కుందేలును ఆపడానికి అంగుళం కన్నులున్న వల రెండడుగుల ఎత్తున ఉంటే చాలు. గ్రౌండ్‌హాగ్ (బొరియల్లో ఉండే, ఉడుత జాతికి చెందిన పెద్ద జంతువు) నేలను తవ్వుతుంది, వలను ఎక్కుతుంది కూడా. అందుకే ఇనుప వల కింది భాగాన్ని అడుగు మేర బయటి వైపుకు వంచి మట్టిలో పూడ్చాను. పై భాగాన్ని గుంజలకు బిగించకుండా వదిలాను, ఎక్కబోయే జంతువు బరువుకు అది వెనక్కి వాలుతుంది. జింకలకు ఎనిమిదడుగుల కంచె కావాలంటారు, మా ఊరి నిబంధన ఆరడుగులు దాటనివ్వదు. అయితే దూకిన తరువాత దిగే చోటు ఇరుకుగా కనిపిస్తే జింక వెనకాడుతుంది. ఆ నమ్మకంతో మడిని వెడల్పు తగ్గించి పొడవుగా మలిచి, మధ్యలో బీర పందిరి నిలిపి, ఇనుప వలకు లోపలి వైపున ఆరడుగుల ప్లాస్టిక్ వల కట్టాను. గుడ్డు ద్రావణం చల్లితే జింకలు రావని కొందరు మిత్రులు చెప్పారు. వాన పడ్డ ప్రతిసారీ మళ్లీ చల్లాలి, పైగా వంటింటికి వచ్చే ఆకుమీద ఆ వాసన నాకు నచ్చలేదు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రమ పెట్టింది తలుపు. దాని కింద సందు మిగిలితే మిగతా కంచె అంతా వృథా కనుక, గడప దగ్గర ఇటుకలు పాతి, తలుపును వాటికి ఆనేలా దించాను. ఆగస్టు నాటికి బీరకాయలు కోతకు వచ్చాయి. వల మీదుగా బయటికి వేలాడిన తీగను మాత్రం జింకలు చిగుళ్ల దాకా కొరికేశాయి.