దమ్ము మానేశా, బొజ్జ వచ్చింది

సిగరెట్ మానేస్తే ఒళ్ళొస్తదని అందరూ అంటుంటే మానలేక చెప్పే సాకులే అనుకునేవాణ్ణి, కాదు, నిజంగానే వస్తది. నేను 66 కిలోలుండేవాణ్ణి, మానేసిన ఏడాదికి 76 అయ్యా. సగటున నాలుగైదు కిలోలు పెరుగుతారంట, అది కూడా ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే, కొంతమంది అసలు పెరగరు, కొందరైతే తగ్గుతారు కూడా, వందలో పదమూడు మందికి మాత్రం పది కిలోలు దాటుద్దంట. ఏ లాటరీలోనూ తగలని నాకు ఇందులో తగిలింది. నాకు తెలిసినవాళ్ళు ఇద్దరు, బ్రహ్మాండంగా మానేసినోళ్ళు, ప్యాంట్లు పట్టట్లేదని మళ్ళీ అంటించారు, అందుకే ఇదంతా రాయాలనిపించింది.

నాది ప్రింటింగ్ ప్రెస్సులో పని, చిక్కడపల్లిలో, ఆఫ్‌సెట్ మిషన్ మీద. పెళ్ళిళ్ళ సీజన్ వచ్చిందంటే రాత్రి ఒంటిగంటా రెండూ అయ్యేది, ప్లేటు మార్చినప్పుడల్లా కిందికి దిగి ఒక దమ్ము కొట్టి రావడం, టీ తాగితే ఒకటి, భోజనం అయ్యాక ఒకటి, ఓనరు తిడితే ఒకటి. రోజుకి ఒకటిన్నర పెట్టె. ఊరేమో కందుకూరు పక్కన, మా నాన్న పొగాకు వేసేవాడు, మాకు ఆకుని వేడి మీద ఆరబెట్టే కొట్టం, అదే బ్యారన్, ఉండేది, చిన్నప్పుడు సెలవుల్లో ఆకు కర్రలకి అల్లడానికి కూర్చునేవాళ్ళం, చేతులు జిగట జిగటగా నల్లగా అయిపోయేవి సబ్బుకి కూడా పోయేది కాదు. అన్నేళ్ళు పొగాకు పండించిన మా నాన్న ఒక్క చుట్ట కాల్చలేదు, హైదరాబాద్ వచ్చిన నేను మాత్రం ఆ లెక్కంతా సరిచేశా.

ఓ చలికాలం దగ్గు పట్టుకుంది, పోలేదు. సంక్రాంతికి ఊరెళ్ళినా దగ్గే, శివరాత్రికీ దగ్గే, మెట్లెక్కితే ఈలలాగా చప్పుడు. ఊపిరితిత్తుల డాక్టరు గొట్టంలోకి గాలి ఊదే పరీక్ష చేయించాడు, ఊదు ఊదు ఊదు ఇంకా ఊదు అని ఆ అమ్మాయి అరుస్తా ఉంటది, నాకేమో కళ్ళు తిరుగుతన్నయి. రిపోర్టు చూసి ఆయన పెద్దగా ఏం భయపెట్టలా, ఇప్పుడు ఆపితే ఉన్న ఊపిరి నిలబడుద్ది, ఆపకపోతే ఏటేటా కరుగుద్ది, పోయింది మాత్రం మళ్ళీ రాదు అన్నాడు. అక్కడితో ఆపేశా. ఎట్టా ఆపాననేది ఇక్కడ పెద్దగా చెప్పను, నికోటిన్ బబుల్‌గమ్ వాడా, 1800-11-2356 అని గవర్నమెంటు ఫ్రీ నంబరుంది, దానికి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడారు, వారం వారం వాళ్ళే తిరిగి చేశారు. ఆ గమ్ము మాత్రం మామూలు బబుల్‌గమ్ నమిలినట్టు నమలకూడదు, ఘాటు తగలంగానే ఆపి దవడ పక్కన పెట్టుకోవాలి, టీ తాగిన వెంటనే వేసుకుంటే సరిగ్గా పనిచెయ్యదు, కంటిన్యూగా నమిలితే ఎక్కిళ్ళు వస్తయి, నాకొచ్చినయి.

మొదట్లో వచ్చిన ఇబ్బందులు ఎవరూ ముందు చెప్పరు, సిగ్గు అనుకుంటా. పొద్దున్నే ఒకటి కాలిస్తే గానీ కడుపు కదిలేది కాదు నాకు, మానేశాక మూడు రోజులైనా కదల్లా. పొట్ట రాయిలాగా బిగుసుకుపోయి, బరువు పెరగడానికి ముందే బరువుగా అనిపించింది. రాత్రి ఇసబ్‌గోల్, పొద్దున్నే వేణ్ణీళ్ళు, సాయంత్రం జామకాయ, రెండు మూడు వారాల్లో దారిలో పడింది. ఇంకోటి టీ. అవే టీలు, అదే ఇరానీ హోటలు, కానీ గుండె దడదడ, రాత్రి పన్నెండైనా నిద్ర రాదు. నేనిదంతా సిగరెట్ మానిన బాధ అనుకున్నా, సగం టీ వల్లంట. పొగ తాగేవాళ్ళ ఒంట్లో కెఫిన్ తొందరగా ఖర్చయిపోద్దంట, మానేశాక ఆ స్పీడు తగ్గిపోయి అదే టీ ఎక్కువసేపు ఒంట్లో ఉండిపోద్ది. నిద్ర లేకపోతే ఆకలి, ఆకలేస్తే తిండి, అక్కడ మొదలైంది అసలు కథ.

ఇక ఆకలి అంటే మామూలు ఆకలి కాదు. ముందు నాలిక బతికింది. మానేసిన రెండో వారమో ఏమో, మా ఆవిడ గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ వేసి పెడితే ఇదేంది ఇంత బాగుంది, కొత్తగా ఏం వేశావ్ అని అడిగా. పదిహేనేళ్ళ నుంచీ ఇదే చేస్తన్నా అంది ఆవిడ, మొహం చూస్తే సంతోషమో కోపమో అర్థం కాలా. నికోటిన్ ఒంట్లో ఉన్నప్పుడు రెండు పనులు చేస్తదంట, మెదడులో ఆకలిని అణిచేస్తది, ఊరికే కూర్చున్నా ఒంటిని ఎక్కువ ఖర్చు పెట్టిస్తది, పెట్టె దాటి కాల్చేవాళ్ళకి రోజుకి 200 క్యాలరీల దాకా. అది పోయింది కాబట్టి నేను ముందు తిన్నంతే తిన్నా పెరుగుతా. మరి నేను ముందు తిన్నంతే తిన్నానా? చెయ్యి ఖాళీగా ఉండదు కదా. ముందు కిందికి దిగితే సిగరెట్, ఇప్పుడు కిందికి దిగితే పక్కన మిర్చిబజ్జీ బండి. మిషన్ పక్కనే కారప్పూస ప్యాకెట్టు, చెగోడీలు, ఉస్మానియా బిస్కెట్లు, ఇంకు అంటిన వేళ్ళతోనే. అన్నం తిన్నాక నోట్లో ఏదో లేదనిపిస్తది, అప్పుడు బెల్లం ముక్క, కాసేపాగి ఇంకోటి. మిక్స్చర్ వంద గ్రాములు తింటే 500 క్యాలరీల పైమాటే, అది నాకు అరగంట పని.

చూసినోళ్ళు ఊరుకుంటారా. మా అమ్మ వీడియో కాల్లో చూసి ఇప్పుడయ్యా మడిసి మడిసిలాగున్నావ్, ఇన్నాళ్ళూ బుగ్గలు పీక్కపోయి ఉండేవాడివి అని ఒకటే సంబరం. మా ఓనరు ఏంటి గురూ నెల తప్పావా అని స్టాఫందరి ముందూ. మా చెల్లెలి మొగుడైతే మరీ, ఫంక్షన్లో అందరూ ఉండంగా బొజ్జ మీద తట్టి ఏం బావా, లోపల ఏం దాచావ్ అంటాడు, పైగా వాడు చేతిలో సిగరెట్ పట్టుకుని. నాకు బొజ్జ కంటే వాడి చేతిలో ఉన్నదే ఎక్కువ కనపడింది ఆరోజు, అది నిజం. ప్యాంట్లన్నీ ఆల్టరేషన్‌కి తీసకపోతే టైలరు లోపలి గుడ్డ చూపించి ఇంక విప్పడానికేం లేదన్నా, కొత్తవి కుట్టించుకో అన్నాడు.

అప్పుడే వస్తది ఆ ఆలోచన. రోజుకి రెండు కాలిస్తే చాలు, ఆకలి చచ్చిపోద్ది, పది కిలోలు దిగాక మళ్ళీ మానెయ్యొచ్చు. చాలా తెలివైన ఐడియా లాగా ఉంటది, మానేసినోళ్ళందరికీ ఒక్కసారన్నా వస్తదనుకుంటా. మా బైండింగ్ సెక్షన్‌లో ఒకాయన అట్టాగే మొదలుపెట్టాడు, రెండు కాస్తా ఆర్నెల్లలో పెట్టె అయ్యింది, బరువు పెద్దగా తగ్గిందీ లేదు. ఇంకొకతను తిండి తగ్గడానికని వక్కపొడి పట్టుకున్నాడు, పొగ కాదు కదా అంటాడు. పొగాకు కలవకపోయినా ఒట్టి వక్క కూడా నోటి క్యాన్సర్ తెస్తది, ఆ మాట చెప్తే నమ్మడు. ఒక గుంటలోంచి లేచి పక్క గుంటలో కూర్చోవడం ఇది.

నేను డాక్టరు దగ్గరికే పోయా మళ్ళీ. ఈసారి ఆయన టేపు తీసి బొడ్డు దగ్గర కొలిచాడు, 96 సెంటీమీటర్లు. మన ఇండియా మగవాళ్ళకి 90 దాటితే జాగ్రత్త పడాలంట, ఆడవాళ్ళకి 80. తెల్లోళ్ళకి పెట్టిన కొలతలు మనకి పనికిరావు, మనకి చేతులూ కాళ్ళూ సన్నగానే ఉంటయి, కొవ్వంతా పొట్టలో చేరుద్ది. మూడు నెలల సగటు చెప్పే షుగర్ టెస్ట్ చేయించాడు, 5.9 వచ్చింది. 5.7 నుంచి షుగర్‌కి ముందు మెట్టు, 6.5 నుంచి షుగరే. మా అమ్మకి షుగరుంది, మా మేనమామకి ఉంది. చూశారా సార్, కాల్చినంతకాలం లేదు, మానేస్తే వచ్చింది అన్నా. ఆయన నవ్వలా. మానేసి ఒళ్ళు చేసినవాళ్ళకి మొదటి కొన్నేళ్ళు షుగర్ రిస్క్ పెరుగుద్ది, అది నిజమే, అమెరికాలో 2018లో పెద్ద స్టడీ కూడా వచ్చింది, అయితే అదే స్టడీలో ఒళ్ళొచ్చినోళ్ళు కూడా, కాల్చుతానే ఉన్నోళ్ళ కంటే గుండెజబ్బుతో తక్కువే పోయారు, నీకొచ్చింది తగ్గించుకోగలిగేది, నువ్వు వదిలించుకుంది మళ్ళీ బాగుచేయలేనిది అన్నాడు. అప్పుడే నాకు తల కాస్త చల్లబడింది. మొదటి మూడు నెలలూ డైటింగ్ వద్దని ముందే చెప్పాడాయన, ఎందుకంటే కడుపు మాడితే ఆ మంటకి సిగరెట్టే గుర్తొస్తది, రెండు యుద్ధాలు ఒకేసారి చెయ్యలేం. ఇప్పుడు కాల్చాలనే పీకులాట తగ్గింది కాబట్టి ఇంక బరువు సంగతి చూడొచ్చు అన్నాడు.

టీతో మొదలుపెట్టా. ఎనిమిది టీలు, టీకి రెండు స్పూన్లు, స్పూనుకి నాలుగు గ్రాముల లెక్కన 64 గ్రాముల పంచదార. అంటే ఇంచుమించు 250 క్యాలరీలు, నికోటిన్ తీసుకెళ్ళిపోయిన 200 కంటే ఎక్కువ! ఇది కాగితం మీద వేసుకున్నాక నాకే ఆశ్చర్యమేసింది. మూడు టీలకి దిగా, ఒక స్పూను, సాయంత్రం ఐదు తర్వాత బంద్. నిద్ర వచ్చింది, వారంలో వచ్చింది, నిద్ర వస్తే ఆ అర్ధరాత్రి ఫ్రిజ్ తియ్యడం దానంతటదే పోయింది. మిషన్ పక్కన కారప్పూస తీసేసి కీరా ముక్కలు, ఉడకబెట్టిన శనగలు పెట్టుకున్నా, మా ఆవిడే డబ్బాలో పెట్టిచ్చేది, నోటికి పని కావాలంతే, ఏం పని అని నోరు అడగదు. అన్నం తిన్నాక బెల్లం బదులు సోంపు. అన్నం మానలా నేను, మాన్తే మనిషిని కాను, కూరా పప్పూ ముందు వడ్డించుకుని అన్నం తర్వాత పెట్టుకోవడం మొదలుపెట్టా, పళ్ళెం నిండినట్టే కనపడుద్ది, అన్నం మాత్రం సగానికొచ్చింది. రాత్రి ప్రెస్సు నుంచి వచ్చి పదకొండింటికి తినేది ఏడున్నరకే డబ్బా తెప్పించుకుని తినేస్తన్నా.

పనికిరానివి కూడా చాలా చేశా. గ్రీన్ టీ తాగా, రుచికి గడ్డి, ఫలితం సున్నా. పొట్టకి కట్టుకునే బెల్టు ఆన్‌లైన్లో కొన్నా, చెమట తప్ప ఏం పోలా, ఇప్పుడది అటక మీద ఉంది. నిమ్మకాయ తేనె నీళ్ళు తాగమన్నారు, మళ్ళీ తేనె అంటే పంచదారే కదా.

నడక సంగతికొస్తే, బాగ్‌లింగంపల్లి సుందరయ్య పార్క్ మాకు దగ్గర. పొద్దున్నే ఆరింటికి పోతే సగం చిక్కడపల్లి అక్కడే ఉంటది, ముసలాళ్ళు రాజకీయాలు మాట్లాడుకుంటా కూడా నన్ను దాటేసి వెళ్ళిపోయేవాళ్ళు. మొదట్లో ఒక రౌండుకే ఆయాసం, బెంచీ మీద కూర్చునేవాణ్ణి. కిలోలు కదల్లేదు గానీ ఊపిరి కదిలింది, అది కొన్ని వారాల్లోనే తెలిసింది, మాట్లాడుకుంటా నడవగలుగుతున్నా. నా లెక్కలో బరువు తగ్గడానికి నడక ఒక్కటే సరిపోదు, తిండిలోనే తగ్గుద్ది, కానీ సిగరెట్ మీద మనసు పోయినప్పుడు పది నిమిషాలు జోరుగా నడిస్తే ఆ పీకుడు సగం చస్తది, దానికోసమైనా నడవాలి.

ఇప్పుడు 71 దగ్గర ఆగింది. 66కి మళ్ళీ రాను, డాక్టరు కూడా రానక్కర్లేదన్నాడు, అసలా 66 అనేది సగం సిగరెట్ పుణ్యమే, అదేమంత ఆరోగ్యమైన బరువు కాదు. నడుము 90కి కొంచెం అటూ ఇటూ ఉంది, షుగర్ 5.6కి దిగింది, ఆర్నెల్లకోసారి చూపించుకోమన్నాడు. గాలి ఊదే పరీక్షలో ముందటి నంబరే వచ్చింది, తగ్గలేదంటే అదే గొప్ప అన్నాడు. దగ్గు పోయింది.

బొజ్జ మీద తట్టిన మా చెల్లెలి మొగుడు కూడా ఈ మధ్యే మానేశాడు, వాడికి డాక్టరు గుండె గురించి ఏదో చెప్పాడంట. ఇప్పుడు రోజూ ఫోను, బావా నీకు మొదటి నెలలో ఎంత పెరిగింది, నాకు రెండు కిలోలు పెరిగింది ఇది మామూలేనా అని. మామూలేరా, ఆ బరువు మిషన్ తీసకపోయి మీ అమ్మ మంచం కింద పడేసి మూడు నెలలు ముట్టుకోమాక, ముందు ఆ టీలు తగ్గించు అని చెప్పా.