చక్కెర అద్దిన డోనట్

శనివారం, రాత్రి

మధ్యాహ్నం నుంచి ఆగి ఆగి కురిసిన వాన నాలుగున్నరకు తెరిపి ఇచ్చింది. అమ్మకు బీపీ మాత్రలు తేవాలని బయలుదేరాను కానీ, మందుల షాపుకు వెళ్ళే ముందే విద్యానగర్‌లో మా వీధి మలుపున ఉన్న బేకరీ దగ్గర ఆగాను. శనివారాల్లో అక్కడ అయిదింటికి డోనట్ల వాయి దిగుతుంది. ఆ వేళకు చేరుకోవడం వారం మొత్తంలో నాకు ఎంతో ఇష్టమైన పని.

వాన వల్ల కౌంటరు దగ్గర రద్దీ లేకపోవడంతో వెనుక గది గుమ్మంలో నిలబడి చూసే వీలు దొరికింది. మైదా, పాలు, చక్కెర, గుడ్డు, ఈస్టు కలిపి మధ్యాహ్నమే పిసికి పెట్టిన ముద్ద ఈ రోజు చల్లదనానికి పొంగడం ఆలస్యమైందని, చక్రాలుగా కోసిన తరువాత కూడా మరో పావుగంట ఆగవలసి వచ్చిందని మాస్టర్ గారు చెప్పారు. ఆయన ఒక చక్రం అంచును వేలికొసతో మెల్లగా నొక్కితే, పడిన గుంట నెమ్మదిగా సగం వరకే పైకి లేచింది. పిండి నూనెలోకి వెళ్ళడానికి సిద్ధమైందనడానికి అదే గుర్తు. నూనె 180 డిగ్రీలకు కాస్త అటూఇటూగా ఉండాలి. బాగా తగ్గితే పిండి నూనె తాగేస్తుంది, మితిమీరితే పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. ఆయన దగ్గర థర్మామీటరు లేదు. గోరంత పిండి ముక్క వేసి, అది తేలి వచ్చే తీరును బట్టి మంట సర్దుతారు. కింది వైపు బంగారు రంగుకు తిరగగానే ఇనుప పుల్లను చిల్లులోకి పోనిచ్చి ఒక్కొక్కటిగా తిరగేస్తారు. బాగా పొంగిన చక్రం తేలికగా ఉండి నూనెలో సగమే మునుగుతుంది కాబట్టి, రెండు వైపులా వేగిన తరువాత కూడా నడుము చుట్టూ ఒక తెల్లని పట్టీ మిగిలిపోతుంది. ఏ బేకరీలో డోనట్ కొన్నా నా కళ్ళు ముందుగా ఆ పట్టీనే వెతుకుతాయి.

వేడివేడిగా ఇమ్మని అడిగితే, "రెండు నిమిషాలు ఆగండక్కా, ఇప్పుడే అద్దితే చక్కెర కరిగి పాకమైపోతుంది" అన్నారు. చెయ్యి పెట్టగలిగేంత ఆరాక, పెద్ద పళ్ళెంలో పరిచిన చక్కెరలో ఒక్కొక్కదాన్ని దొర్లించి, కాగితపు సంచిలో నాలుగు పెట్టి ఇచ్చారు. చాక్లెట్ పూసి రంగు రంగుల పూసలు చల్లినవి, జామ్ నింపినవి కూడా అక్కడ ఉంటాయి, పిల్లలు వాటినే అడుగుతారు. నాకు మాత్రం చక్కెరదే కావాలి. చాక్లెట్ పూత కింద పాత నూనె వాసన దాగగలదు. చక్కెర కింద ఏదీ దాగదు.

అమ్మ దీన్ని మైదా గారె అంటుంది. ఆ మాటలో నాకు ఎంతో సబబు కనిపిస్తుంది. పెత్రమాస నాడు తడిపిన ఆకు మీద పిండి తట్టి, నడుమ వేలితో చిల్లు పెట్టి నూనెలోకి జార్చేటప్పుడు ఆమె చేసేదీ ఇదే. వేడి నడుమ నుంచి కూడా తగిలితే తప్ప మందమైన పిండి లోపలి దాకా ఉడకదు. 1847లో డోనట్‌కు తొలిసారి చిల్లు చేసింది తానేనని హ్యాన్సన్ గ్రెగరీ అనే అమెరికా నావికుడు చెప్పుకొన్నాడు. ఆయన చెప్పిన కారణం కూడా నడుమ పిండి పచ్చిగా మిగులుతోందనే.

మన నగరంలో బేకరీ అనగానే అందరూ 1953లో మొదలైన కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కట్లను, నాంపల్లిలోని సుభాన్ బేకరీ ఉస్మానియా బిస్కట్లను తలుచుకొంటారు. అది న్యాయమే, నేనూ ఊరికి వెళ్ళినప్పుడల్లా ఆ డబ్బాలే తీసుకెళ్తాను. బిస్కట్టులో తేమ ఉండదు కాబట్టి అది రైలెక్కి, విమానమెక్కి హైదరాబాదు పేరును మోసుకుపోగలదు. డోనట్‌కు ఆ ఓపిక లేదు. అది పుట్టిన వీధిలోనే, పుట్టిన మూడు నాలుగు గంటల్లోనే తినవలసిన పదార్థం. అందుకే ఎంత పేరున్న దుకాణమైనా నగరానికి అవతలి కొసన ఉంటే, నడిచి వెళ్ళగలిగే బేకరీయే నాకు మేలనిపిస్తుంది. మలక్‌పేటలోనో, సైనిక్‌పురిలోనో ఉన్నవారు తమ వీధి బేకరీ గురించి ఇదే మాట అంటే వారితో నేను వాదించను.

పోయిన నెల పిన్ని కొడుకు ఒక పెద్ద మాల్‌లోని దుకాణం నుంచి డజను డోనట్ల పెట్టె తెచ్చాడు. ఎంతో ప్రేమగా తెచ్చినవి. ముందు రోజువో ఏమో, చేతికి తీసుకొనేసరికే బిరుసుగా ఉన్నాయి. మిగిలినవి ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి అట్టలా అయ్యాయి. పిండిపదార్థం ఫ్రిజ్ చల్లదనంలోనే అన్నిటికన్నా త్వరగా గట్టిపడుతుందని తెలిసి కూడా, అంత ఖరీదైనవి పారేయలేక లోపల పెట్టాను. వాడు నొచ్చుకొన్నందుకే నాకు ఎక్కువ బాధ కలిగింది.

ఇంటికి వచ్చి టీ పెట్టాను. అమ్మ షుగర్ లేదు కదా అని ఒకటి పూర్తిగా తిన్నది, నేను ఒకటి తిన్నాను, ఇంకొకటి పై వాటా పాపకు ఇచ్చి వచ్చాను. మందుల షాపుకు మళ్ళీ ఏడింటికి వెళ్ళవలసి వచ్చింది. ఇప్పుడు ఇది రాస్తూ నాలుగోది బయటికి తీశాను. వాన గాలికి చక్కెర అప్పుడే చెమ్మగిల్లి, కాగితానికి అంటుకొని, ఒక పలుచని పొరగా మారింది. తెల్ల పట్టీ దగ్గర నొక్కితే ఇంకా మెత్తగానే ఉంది.