ఆత్రేయపురం దారిలో కోళ్లూ, బాతులూ, నీటిరంగులూ

రాజమహేంద్రవరం వెళ్తే దామెర్ల రామారావు చిత్రశాల చూడకుండా రాలేను. 1897లో పుట్టి, 28 ఏళ్లు నిండకుండానే 1925లో కన్నుమూసిన ఆ మహానుభావుడి బొమ్మల ముందు నిలబడితే చేతికి కుంచె అందుకోవాలనిపిస్తుంది. ఈసారి ఆ ఉత్సాహంతోనే ధవళేశ్వరం ఆనకట్ట మీదుగా బొబ్బర్లంక దాటి, ఆత్రేయపురం దగ్గర స్నేహితురాలి పుట్టింటికి చేరాను. పెరటి కోళ్లను ఎదురుగా కూర్చుని వేయాలని నా కోరిక. పూతరేకుల గురించి అందరూ రాస్తారు కాబట్టి వాటి జోలికి పోను.

కోడి కుదురుగా నిలబడదని భయపడనక్కరలేదు. గడ్డివాము దగ్గర కాసేపు గమనిస్తే తెలుస్తుంది: కాలితో గీరుతుంది, ఒక అడుగు వెనక్కి వేస్తుంది, తల వంచి చూస్తుంది, పొడుస్తుంది. మళ్లీ అదే వరుస. అందుకే ఒకే కాగితం మీద నాలుగైదు భంగిమలు మొదలుపెట్టి, అది ఏ భంగిమలోకి వస్తే ఆ బొమ్మకు మెరుగులు దిద్దుతూ పోయాను.

ఆ ఇంట్లో కాకి పుంజు ఒకటి ఉంది. గోదావరి జిల్లాల్లో నల్ల ఈకలుంటే కాకి, ఎర్రవైతే డేగ, తెల్లవైతే సేతువ అంటారు. తోకకు ముందుగా పలుచటి ఆకుపచ్చ పూస్తుంటే మామ్మగారు వచ్చి, “నల్లకోడికి పచ్చరంగు వేస్తున్నావేమిటమ్మా?” అన్నారు. ఆమె మనవడు పుంజును ఎత్తుకుని ఎండలోకి తిప్పాడు. వంపు తిరిగిన తోక ఈకల మీద ఆకుపచ్చ, దాని అంచున నీలం, మెడ దగ్గర కాస్త ఊదా తళుక్కుమన్నాయి. “ఇన్నేళ్లు మేత వేస్తున్నాను, చూడనేలేదు” అని మామ్మగారు పక్కనే పీట వేసుకుని కూర్చున్నారు. ఆకుపచ్చ ఆరాక, అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియన్నా అనే ఎర్ర గోధుమరంగు కలిపిన ముదురు రంగును దాని మీద వేస్తూ, మెరుపు ఉన్నచోట మాత్రం వదిలేశాను. సీసాలో దొరికే నలుపు వేస్తే ఈక చచ్చిపోతుంది. నా మట్టుకు నేను నల్ల పక్షికి నల్లరంగు ముట్టను.

మర్నాడు బాతులు. వరికోతలయ్యాక రాలిన గింజల కోసం బాతుల మందలను పొలం నుంచి పొలానికి తోలుకుంటూ వస్తారు. మంచుకు కాగితం చెమ్మగిల్లి, వేసిన రంగు ఎంతకీ ఆరలేదు. ఎండెక్కేదాకా పెన్సిలుతోనే సరిపెట్టాను. నీటిరంగుల్లో తెలుపంటే కాగితమే. అందుకే తెల్లబాతును వేయలేదు, దాని చుట్టూ ఉన్న వరిమోళ్లను, బురదను వేశాను. పొట్ట కింద లేత నీలి నీడ, దానిలోకి బురద నుంచి ఎగసిన కాస్త పసుపు. ముక్కుకు నారింజ రంగు చివరన.

బాతులను వేయాలనుకునేవారు కోతలు ముగిసిన వెంటనే బయల్దేరాలి. దాళ్వాకు, అంటే రెండో వరిపంటకు, నీళ్లు పెట్టి ఊడ్పులు మొదలుపెడితే ఏ రైతూ మందను చేలోకి దిగనివ్వడు.