సుంకి ఘాటీలో ఒక సాయంత్రం

మాది జయపురం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. తొమ్మిదేళ్లుగా అబుదాబిలో రికవరీ బండి నడుపుతున్నాను. యాక్సిడెంట్ అయిన బళ్లను రోడ్డు మీంచి లాగేయడమే నా పని. డిసెంబరులో సెలవుకొచ్చి, సాలూరులో నిశ్చితార్థానికి బయల్దేరాం. సుంకి ఘాటీ దిగుతుంటే నీలగిరి దుంగల లారీ ఒకటి ఒరిగిపోయి ఉంది.

డ్రైవరుకు మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. లోయ వైపు సగం రోడ్డు ఖాళీ. అటు పది, ఇటు పది బళ్లు వదిలితే సరిపోయేది. కానీ మా వెనకున్న కార్లు ఎదుటి లైన్లోకి దూరాయి, కింద నుంచి వచ్చేవాళ్లూ అదే పని చేశారు. సాలూరు నుంచి వస్తున్న క్రేను కిలోమీటరు కిందే ఇరుక్కుపోయింది. ఆ జామ్‌లో అంబులెన్స్ ఉండుంటే? ఇప్పటికీ తలుచుకుంటే గుండె దడ.

అంతకన్నా టెన్షన్ పెట్టింది పై మలుపు. అక్కడ పొగమంచు దిగుతోంది. పైనుంచి లోడుతో వచ్చే లారీకి మా క్యూ కనబడేసరికి బ్రేకు వేసే దూరం ఉండదు. ఇక్కడేమో పాతిక మంది రోడ్డు మధ్యలో ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు.

అబుదాబిలో మాకు మొదట నేర్పింది ఇదే: పడ్డ బండి కన్నా వెనకొచ్చే బండితో ప్రమాదం. 2008 మార్చిలో అబుదాబి-దుబాయ్ రోడ్డు మీద మంచులో 200కి పైగా బళ్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఇప్పుడు మంచు పడితే బోర్డుల మీద వేగం 80కి దించేస్తారు. గుమిగూడి చూస్తే 1000 దిర్హమ్‌ల జరిమానా. మేమైనా లైట్లు వేసి, వెనక దూరంగా కోన్లు పెట్టాకే గొలుసు ముట్టుకుంటాం.

హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేసి, మేనల్లుణ్ణి తీసుకుని పైకి నడిచాను.

"మావయ్యా, ఇంత దూరమా?"

"ఇంకా పైకి రా. మలుపుకి అవతల."

కొమ్మలు విరిచి, రాళ్లు పేర్చి, ఎర్ర తువ్వాలు ఊపుతూ నిలబడ్డాం. క్యూ పెరిగేకొద్దీ మేమూ వెనక్కి జరిగాం. ఒక లారీ డ్రైవరు ఆగి, కిందికి చూసి, నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

దారి తెరిచేసరికి రాత్రి తొమ్మిదిన్నర. అందరూ హారన్లు కొడుతూ వెళ్లిపోయారు. మా వాళ్లు కారులోంచి పిలుస్తున్నారు. మేం పేర్చిన రాళ్లు మాత్రం అక్కడే ఉన్నాయి. చీకట్లో ఏ బైకు వాడో వాటి మీద పడితే? ఫోన్ లైటు మేనల్లుడి చేతికిచ్చి, ఒక్కో రాయీ గట్టు పక్కకు దొర్లించాను.