బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు

రెండు వారాల క్రితం మంగళవారం పొద్దున్నే పరగడుపున వెళ్లి, చెయ్యి చాపి, పరీక్షకు రక్తం ఇచ్చి, కింద పడకుండా ఇంటికి వచ్చాను. నలభై అయిదేళ్లవాడు చెప్పుకోవలసిన ఘనకార్యమా ఇది అని నవ్వేవాళ్లు నవ్వండి. ముప్ఫై ఏడేళ్లలో నా ఒంటిమీద సూది పడనివ్వడం ఇదే మొదటిసారి.

1988లో నేను మూడో తరగతి. నకిరేకల్ దగ్గర మా ఊళ్లో వీధికుక్క ఒకటి నా పిక్క పట్టుకుంది. ఆ కాటు నాకు సరిగా గుర్తు కూడా లేదు. గుర్తున్నదల్లా ఆ తర్వాతి పద్నాలుగు రోజులు. అప్పటి టీకాను గొర్రె మెదడు నుంచి తయారుచేసేవారు. బొడ్డు చుట్టూ రోజుకొకటి పొడవాలి. నాయనమ్మ నన్ను నల్లగొండ బస్సు ఎక్కించేది. అక్కడ స్టీలు గిన్నెలో గాజు సిరంజీలు మరుగుతుండేవి, గది నిండా స్పిరిట్ వాసన. ఇద్దరు కాళ్లు, ఒకరు చేతులు పట్టుకునేవారు. 'ఏడిస్తే ఇంకొకటి వేస్తా' అనేవాడు కాంపౌండరు. నాలుగో రోజు నుంచి బస్సు దిగగానే వాంతి అయ్యేది.

విచిత్రం ఏమిటంటే, కుక్కలంటే నాకు భయం లేదు. ఇంట్లో ఒకటి పెంచాను కూడా. సూది ఉన్న చోటికి మాత్రం వెళ్లలేదు. 2021లో కరోనా టీకా శిబిరం మా బడిలోనే పెడితే, నేను ముందే వేయించుకున్నానని అబద్ధమాడి, వచ్చినవాళ్లను వరసలో నిలబెట్టే పని నెత్తిన వేసుకున్నాను.

నిరుడు విపరీతమైన దాహం, బరువు తగ్గడం. మూత్ర పరీక్షలో చక్కెర కనిపించింది. రక్త పరీక్ష తప్పదన్నారు. ఊళ్లోని ఒక ల్యాబ్‌కు వెళ్లాను. సూది చేతబట్టుకుని నిలబడ్డవాడు నా పాత విద్యార్థి. పదో తరగతిలో అతనికి రక్తప్రసరణ పాఠం చెప్పింది నేనే. 'సార్, మీరా! కూర్చోండి సార్' అన్నాడు. చేతికి రబ్బరు గొట్టం కట్టాడు, స్పిరిట్ దూదితో తుడిచాడు. సూది తగలనే లేదు. చెవుల్లో హోరు, కళ్ల ముందు చీకటి.

తెలివి వచ్చేసరికి నేల మీద ఉన్నాను. పిడికిట్లో ఎవరిదో తాళంచెవుల గుత్తి, ముక్కు దగ్గర కోసిన ఉల్లిగడ్డ. చుట్టూ ఇరవై మంది. 'మూర్ఛ. మా పెదనాన్నకూ ఇలాగే వచ్చేది' అంటోంది ఒకావిడ. మరొకరు ఫోను పట్టుకుని వీడియో తీస్తున్నారు. ప్యాంటు తడిసి ఉంది. చల్లిన నీళ్లతో మాత్రమే కాదు. ఆ పిల్లవాడు ఏమీ మాట్లాడకుండా తన తెల్లకోటు విప్పి నా మీద కప్పాడు. ఆ కుర్రాడు అల్లరి చేస్తున్నాడని నేను ఒకప్పుడు తరగతి బయట నిలబెట్టాను. సాయంత్రానికి స్టాఫ్‌రూములో అందరికీ తెలిసిపోయింది.

అక్కడితో అయిపోలేదు. మరుసటి వారం ఒక డాక్టరు 'చేతులు కొట్టుకున్నాయా?' అని అడిగారు. కొట్టుకున్నాయని చూసినవాళ్లు చెప్పారు. అంతే, స్కానింగు, మూర్ఛ మందులు. నాలుగు నెలలు సుద్దముక్క పట్టుకుని నిలబడే నిద్రపోయాను. మెదడుకు కాసేపు రక్తం తగ్గి మామూలుగా స్పృహ తప్పినా చేతులు కొద్దిసేపు కొట్టుకుంటాయని తర్వాత తెలిసింది. పడిపోవడానికి ముందు ఏం జరిగిందని అడగని డాక్టరుకు నేనైతే ఫీజు ఇవ్వను. (మందులు నా అంతట నేను ఆపలేదు. మరొక డాక్టరు చూసి నెమ్మదిగా తగ్గించి మాన్పించారు.) ఇంకొకాయన ఊపిరి వదులుతూ ఒళ్లంతా సడలించమన్నాడు. ఆ సలహాతో మళ్లీ ఒకసారి పడ్డాను.

చివరకు హైదరాబాద్‌లో ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చున్నాను. ఆమె మొదటి ప్రశ్నే 'పడే ముందు ఏం చూశారు?' 1988 గురించి చెబుతుంటే గొంతు పూడుకుపోయింది. స్పిరిట్ వాసనకూ ఆ నొప్పికీ నా మెదడు అప్పుడే ముడి వేసేసిందన్నారు. తిండి పెట్టేముందు ప్రతిసారీ గంట మోగిస్తే, చివరకు ఒట్టి గంటకే రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ కుక్కకు చొంగ ఊరిన సంగతి నేను ఎన్నోసార్లు పిల్లలకు చెప్పాను. ఆ కుక్కను నేనేనని ఒక్కసారీ తోచలేదు. తప్పించుకున్న ప్రతిసారీ దొరికిన ఊరటే భయాన్ని మేపుతూ వచ్చిందట. 'ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?' అని అడిగారు. యాట కోసేటప్పుడు మా నాన్న ఏదో పని ఉందని చెలకకు వెళ్లిపోయేవాడు. ఈ భయం కొంత కుటుంబంలోనూ వస్తుందట, నేరమంతా కాంపౌండరుదే కాదన్నమాట. అయినా అతణ్ని నేను క్షమించలేదు. అన్నం తినకపోతే 'సూది వేయిస్తా' అని పిల్లలను బెదిరించే తల్లిదండ్రులను కూడా.

అసలు కిటుకు ఇక్కడుంది. తక్కిన భయాల్లో రక్తపోటు పెరుగుతుంది. రక్తం, సూది భయంలో ముందు పెరిగి, తర్వాత దభాలున పడిపోతుంది. కాబట్టి సడలించకూడదు, బిగించాలి. తొడలు, పొట్ట, చేతులు పది పదిహేను సెకన్లు, ముఖం వెచ్చబడేదాకా బిగబట్టి, అరనిమిషం వదిలి, మళ్లీ బిగించాలి. అలా అయిదుసార్లు. సూది గుచ్చే చేతిని మాత్రం వదులుగా ఉంచాలి.

దానితోపాటు భయపెట్టేవాటిని మెట్టుమెట్టుగా ఎదుర్కోవాలి. సిరంజీ బొమ్మ, తర్వాత ఖాళీ సిరంజీ, తర్వాత స్పిరిట్ దూది, తర్వాత రబ్బరు గొట్టం. ఒక్కో మెట్టు దగ్గర భయానికి వందకు ఎంతో మార్కు వేసుకుని, అది సగానికి దిగేదాకా కదలకూడదు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికా సైకాలజిస్టు కుందేలంటే వణికే పీటర్ అనే పిల్లవాడికి, వాడు ఇష్టమైనది తింటుండగా కుందేలును కొద్దికొద్దిగా దగ్గరకు జరిపారట. మా ఇంట్లో నా ముందు సకినాల పళ్లెం, దాని పక్కన సిరంజీ. మా ఆవిడ రోజుకు బెత్తెడు దగ్గరకు జరిపేది. స్పిరిట్ దూది దగ్గరే పదకొండు రోజులు ఇరుక్కుపోయాను.

ఎవరిని అడగాలో తెలియనివాళ్లు 14416కు ఫోను చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌ది, తెలుగులోనే మాట్లాడతారు. నాకు ఆ నంబరు ముందే తెలిసి ఉంటే నాలుగు నెలల నిద్ర మిగిలేది.

మంగళవారం అదే ల్యాబ్‌కు వెళ్లాను, పంతం కొద్దీ. అదే కుర్రాడు. తొడలు బిగించి కూర్చున్నాను. 'సార్, అయిపోయింది' అన్నాడు. చూస్తే రక్తం పట్టే గొట్టం నిండి ఉంది. నా రక్తం నేను అనుకున్నదానికన్నా నల్లగా ఉంది.

మూడు నెలల షుగర్ సగటు చూపే HbA1c 10.8 శాతం వచ్చింది. రిపోర్టు చూసి డాక్టరు ఇన్సులిన్ రాశారు. ఎక్కడ పొడుచుకోవాలని అడిగాను. 'పొట్ట మీద, బొడ్డుకు రెండు వేళ్ల దూరంలో. రోజుకొకటి' అన్నారు.

నిన్నటికి తొమ్మిది అయ్యాయి.