తీపి మానేశాక వచ్చే నీరసం ఎక్కడిది?

నా హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.2 వచ్చింది, పరగడుపు షుగర్ 112. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు ఉంటే మధుమేహానికి ముందు దశ అంటారు, 6.5కి చేరితే మధుమేహమే. పరగడుపు షుగర్ అయితే 100 నుంచి 125 వరకు ముందు దశ. అంటే గడప మీద నిలబడ్డట్టు. డాక్టరు మందు రాయలేదు. మూడు నెలలు చక్కెర మానేసి మళ్లీ రమ్మన్నారు. మర్నాడే అన్నీ మానేశాను, టీతో సహా. మూడో రోజుకి తల పగిలిపోతోంది. సాయంత్రం నాలుగయ్యేసరికి కళ్లు మూతలు పడుతున్నాయి, ఎవరు పలకరించినా విసుగే. "షుగర్ పడిపోయుంటుంది, చెంచాడు చక్కెర నోట్లో వేసుకో" అన్నారు ఇంట్లోవాళ్లు. వేసుకునే ముందు గ్లూకోమీటరుతో చూసుకున్నాను. 94.

94 అంటే ఏ లోటూ లేనట్టే. షుగర్ పడిపోవడం అంటే 70 కంటే కిందికి రావడం. అప్పుడు చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, ఆగలేనంత ఆకలి వేస్తుంది. నాకున్నది తలనొప్పి, మగత. మెదడుకి గ్లూకోజు కావాలన్న మాట నిజమే, రోజుకి దాదాపు 120 గ్రాములు వాడుకుంటుంది. అది చక్కెర డబ్బాలోంచే రావాలని ఎక్కడా లేదు. తిన్న అన్నం, రొట్టె, పప్పు, పండు అన్నిటిలోంచీ గ్లూకోజు వస్తుంది. కాలేయం దగ్గర దాదాపు 100 గ్రాముల నిల్వ ఉంటుంది, అది తగ్గిపోతే ప్రోటీన్ల నుంచి కూడా తయారుచేసుకుంటుంది. చక్కెర మానేసిన మనిషి నీరసపడితే ముందు వెతకాల్సింది చక్కెరతో పాటు ఇంకేం మానేశాడన్నది.

అంతకంటే ముందు మందుల సంగతి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, గ్లిమెపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లు డాక్టరుతో మాట్లాడి డోసు సరిచేయించుకోకుండా తీపి ఒక్కసారిగా మానకూడదు. వాళ్లకి షుగర్ నిజంగానే పడిపోతుంది. 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజు పొడిగానీ, నీళ్లలో కలిపిన చక్కెరగానీ తీసుకుని, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూసుకోవాలి. అప్పటికీ 70 దాటకపోతే ఇంకోసారి. ఆ పూట 'నేను మానేశాను కదా' అన్న పట్టుదల పనికిరాదు. బీపీకి బీటా బ్లాకర్లు వాడేవాళ్లకి దడ, వణుకు తెలియకపోవచ్చు, చెమటే ముఖ్యమైన గుర్తు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడుతూ పిండిపదార్థాలన్నీ ఒకేసారి ఆపేస్తే, మీటరులో అంకె మామూలుగా ఉన్నా రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. చాలాకాలం 250, 300ల్లో ఉండి కిందికి దిగుతున్నవాళ్లకి ఇంకో తిరకాసు ఉంది. 110 దగ్గర కూడా షుగర్ పడిపోయినట్టే అనిపిస్తుంది. ఒంటికి ఆ అంకె కొత్త, అంతే. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

మీటరు మీద ఆధారపడేటప్పుడు దాని గుణం తెలిసుండాలి. పండు కోసిన చేత్తో పరీక్ష చేస్తే అంకె ఎగిరి కూర్చుంటుంది, వేలి మీద కంటికి కనిపించని తీపి చాలు. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక, వేలి మొన మధ్యలో కాకుండా పక్కన గుచ్చాలి. నొప్పి కూడా తక్కువ. చుక్క రాలేదని గట్టిగా పిండితే లెక్క తప్పుతుంది. మంచి మీటరు కూడా 100 కంటే తక్కువ దగ్గర 15 అటూ ఇటూ చూపించవచ్చు. నా 94 అసలు 80 అయినా కంగారు పడాల్సింది లేదు.

మరి ఆ తలనొప్పి? అది టీది. రోజుకి ఆరు కప్పులు తాగేవాణ్ణి, చక్కెర లేని టీ గొంతు దిగక టీయే మానేశాను. కెఫీన్ ఆగిన 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది, ఒకటి రెండు రోజుల్లో బాగా ముదురుతుంది, రెండు నుంచి తొమ్మిది రోజుల దాకా ఉండొచ్చు. మగత, చిరాకు, పని మీద మనసు నిలవకపోవడం దాని వెంటే వస్తాయి. ఈ లక్షణాలన్నీ చక్కెర ఖాతాలో రాసుకుని చాలామంది నాలుగో రోజు ఓడిపోతారు. మూడో రోజు సాయంత్రం ఒక కప్పు టీ తాగితే గంటలో తల తేలికపడింది. ఒకేసారి రెండు అలవాట్లతో యుద్ధం పెట్టుకోవద్దు. కప్పులు అలాగే ఉంచి చెంచాలు తగ్గించాలి.

ఆ చెంచాని కూడా ఓసారి తూచి చూడాలి. తల సమంగా గీసిన టీ చెంచాలో చక్కెర దాదాపు 4 గ్రాములు. డబ్బాలో ముంచి గోపురంలా పైకి తీసిన చెంచా తూకం వేస్తే 7 గ్రాములు చూపించింది. రెండు చెంచాలే వేసుకుంటున్నాననుకున్నది నిజానికి మూడున్నర! కాబట్టి మొదటి వారం చెంచా తల గీయడం ఒక్కటే పని, నాలుకకి పెద్దగా తెలియనే తెలియదు. ఆ తర్వాత ఐదేసి రోజులకి అర చెంచా చొప్పున తగ్గించాలి. పొడి చెంచా వాడాలి, తడి చెంచాకి అంటుకున్న చక్కెర లెక్కలోకి రాదు. శీతల పానీయాలు, మిఠాయిలు, బిస్కెట్లకి మాత్రం ఈ మెల్లమెల్లగా పద్ధతి పనికిరాదు. అవి ఇంట్లో ఉంటే తింటాం, లేకపోతే మరిచిపోతాం.

నీరసానికి రెండో కారణం తిండి లెక్కలో పడ్డ గొయ్యి. సమంగా గీసిన చెంచాతోనే లెక్క వేద్దాం. రెండేసి చెంచాల చొప్పున ఆరు కప్పులకి 48 గ్రాములు, అంటే 190 కేలరీల పైన. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో దాదాపు 35 గ్రాముల చక్కెర, అంటే 140 కేలరీలు. నాలుగు బిస్కెట్లు కలిపితే 450 దగ్గరికి వస్తుంది. అంత తిండి తీసేసి దాని చోట ఏమీ పెట్టకపోతే ఎవరికైనా ఒళ్లు తూలుతుంది. నోరు కట్టుకోవడానికీ పస్తుండడానికీ తేడా ఇక్కడే. పొద్దున ప్రోటీన్ 20 గ్రాములు దాటేలా చూసుకుంటే సాయంత్రం పోరు సగం తగ్గుతుంది. రెండు గుడ్లలో 12 గ్రాములు, 200 గ్రాముల పెరుగులో ఓ 7, గుప్పెడు పల్లీల్లో (30 గ్రాములు) మరో 7. గుడ్లు తిననివాళ్లు పప్పు, శనగలు, పనీర్ పెంచుకోవాలి. చక్కెర పోయిన చోటుని అన్నంతోనో రొట్టెతోనో నింపితే మాత్రం నీరసం తగ్గుతుంది గానీ రిపోర్టు కదలదు.

మూడోది ఉప్పు, నీళ్లు. ఇది చక్కెరతో పాటు అన్నం, రొట్టెలు కూడా బాగా తగ్గించినవాళ్లకి ఎక్కువ. ఒంట్లో గ్లూకోజు గ్లైకోజన్ రూపంలో నిల్వ ఉంటుంది, అది ప్రతి గ్రాముతో పాటు మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది. నిల్వ కరిగితే ఆ నీరూ పోతుంది. ఇన్సులిన్ తగ్గేసరికి మూత్రపిండాలు సోడియాన్ని కూడా బయటికి వదిలేస్తాయి. మొదటి వారంలో కిలో, కిలోన్నర తగ్గామని సంబరపడేది ఈ నీటినే. కూర్చుని లేస్తే కళ్లు బైర్లు కమ్మడం, పిక్కలు పట్టేయడం దీని గుర్తులు. రోజూ తినే ఉప్పు తగ్గించకుండా, నీళ్లు మామూలు కంటే రెండు గ్లాసులు ఎక్కువ తాగితే నాలుగైదు రోజుల్లో పోతుంది. బీపీ, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవాళ్లు ఉప్పు విషయంలో సొంత వైద్యం చేసుకోకూడదు.

ఇక నాలుక లాగడం. దీన్ని ఒకటే శత్రువుగా చూడటం పొరపాటు. వేళని బట్టి దాని స్వభావం మారిపోతుంది. భోజనం అవగానే తీపి కావాలనిపించేది ఒట్టి అలవాటు, పొట్ట నిండే ఉంటుంది. లేచి పళ్లు తోముకుంటే చాలావరకు అక్కడే ఆగుతుంది. సాయంత్రం నాలుగింటిది నిజమైన ఆకలి, మధ్యాహ్నం తర్వాత ఒంటికి సహజంగా వచ్చే మందకొడితనం రెండూ కలిసినది. దానికి మందు మూడున్నరకే వేయాలి. కోరిక మొదలయ్యాక తిన్న గుప్పెడు గింజలు మిఠాయితో పోటీ పడలేవు, ముందే తింటే పోటీయే రాదు. రాత్రి పదింటికి వచ్చేది అలసట. నిద్ర తక్కువైతే ఆకలి పెంచే గ్రెలిన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది. ఐదు గంటలు పడుకుని మర్నాడు తీపి మీదికి మనసు పోతోందని తిట్టుకోవడంలో అర్థం లేదు. ఆడవాళ్లలో నెలసరికి ముందు వారం కోరిక ఎక్కువగా ఉండటం మామూలే, మానడం మొదలుపెట్టడానికి ఆ వారం ఎంచుకోకపోవడం మంచిది.

ఏ వేళదైనా కోరిక అలలా లేచి, చాలాసార్లు పావుగంట ఇరవై నిమిషాల్లో దిగిపోతుంది. 'ఎప్పటికీ తినను' అనుకుంటే భారం. 'ఇరవై నిమిషాల తర్వాత చూద్దాం' అనుకుని గడియారం చూసుకుంటే చాలు. ఆ ఇరవై నిమిషాలూ కూర్చోకుండా వేగంగా నడిస్తే ఇంకా త్వరగా దిగుతుంది. భోజనం తర్వాత పది పదిహేను నిమిషాల నడక షుగర్ ఎగబాకడాన్నీ తగ్గిస్తుంది. కానీ మొదటి వారంలో బరువులెత్తడం, పరుగులు మొదలుపెట్టొద్దు.

బెల్లం, తేనె, ఎండు ఖర్జూరాల వైపు మళ్లడం చాలామంది చేసేదే. పేరు మారినా కాలేయానికి లెక్క అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనలో తేనెనీ పళ్లరసాన్నీ కూడా చక్కెర పద్దులోనే వేసింది. మొత్తం శక్తిలో 10 శాతం మించకూడదు, 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలు అంది. రోజుకి 2000 కేలరీలు తినేవాళ్లకి అవి 50, 25 గ్రాములు. కొరికి తినే పండు ఈ పద్దులో లేదు. రోజుకి రెండు తిన్నా భయం లేదు, రసం తీయకుండా ఉంటే చాలు.

పొట్లాల మీద పదార్థాల పేర్లు ఎక్కువ బరువున్న దాంతో మొదలై వరసగా ఉంటాయి. చక్కెర మొదట కనబడకుండా దాన్ని నాలుగు పేర్లకి పంచేస్తారు: డెక్స్‌ట్రోజ్, గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ షుగర్, పళ్లరసం గాఢసారం. మాల్టోడెక్స్‌ట్రిన్‌కి తీపి రుచి పెద్దగా ఉండదు గానీ షుగర్‌ని చక్కెర కంటే వేగంగా పెంచుతుంది. పేర్లతో తల బద్దలు కొట్టుకోకుండా 100 గ్రాములకి మొత్తం చక్కెర 5 గ్రాముల లోపు ఉంటే సరే, 20 దాటితే వద్దు అని గీత పెట్టుకున్నాను. టమాటా కెచప్ పెద్ద చెంచాలో 4 గ్రాముల దాకా ఉంటుంది. దగ్గు సిరప్, నమిలే విటమిన్ బిళ్లలు ఎవరూ చూడరు, అవీ చూడాలి.

చక్కెర బదులు వాడే బిళ్లల మీద నాకు పెద్ద మోజు లేదు. షుగర్ పెద్దగా పెంచవు, నిజమే. నాలుకని మాత్రం పాత తీపి దగ్గరే కట్టేసి ఉంచుతాయనిపించింది. సార్బిటాల్, మాల్టిటాల్ అనే తీపి పదార్థాలు ఉన్నవి ఎక్కువ తింటే కడుపుబ్బరం, విరేచనాలు. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్నవాళ్లు ఆస్పర్టేమ్ ముట్టకూడదు.

రెండు వారాలు బుద్ధిగా ఉన్నా పరగడుపు అంకె 108 దగ్గరే ఆగిందని దిగులు పడేవాళ్లుంటారు. తెల్లవారుజామున కార్టిజాల్, గ్రోత్ హార్మోన్ పెరిగి కాలేయం సొంతంగా గ్లూకోజు వదులుతుంది. తరచు ఆఖరున దిగే అంకె అదే. భోజనమైన రెండు గంటలకి చూసుకుంటే మార్పు ముందే తెలుస్తుంది. నీరసం మూడు నాలుగు వారాలు దాటినా పోకపోతే ఇక దాన్ని తీపి మీదికి నెట్టొద్దు. హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బి12 చూపించుకోవాలి. చాలా ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడుతున్నవాళ్లలో బి12 తగ్గవచ్చు. దాహం, మాటిమాటికీ మూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే నాలుగు వారాలు కూడా ఆగకూడదు.

హెచ్‌బీఏ1సీకి మాత్రం మూడు నెలలు ఆగాల్సిందే. ఎర్ర రక్తకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు, నెలకే చేయిస్తే పాత రోజుల చక్కెర కూడా అందులో కలిసే ఉంటుంది. ఇనుము లోపం ఉంటే ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు, ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నా అంకెని నమ్మలేం. నాది 5.8కి దిగింది. ఇంకా ముందు దశే కాబట్టి ఆరు నెలలకి మళ్లీ రమ్మన్నారు. టీ ఇప్పుడు నాలుగు కప్పులు, కప్పుకి పావు చెంచా, అంటే రోజు మొత్తానికి 4 గ్రాములు. ఆ పావుని కూడా తీసేద్దామని రెండుసార్లు చూశాను, టీ గొంతు దిగలేదు. అక్కడే వదిలేశాను.