తరవాణి కుండ, ఏడో విడత: మళ్లీ పారబోశాను

రెండున్నర లీటర్ల తరవాణి, అంటే గంజికి తోడేసి పులియబెట్టే పానీయం. సింకులో పోస్తుంటే మా ఆవిడ వెనకాల నిలబడి, "పుల్లటి వాసన బానే వస్తోందిగా, మీ మీటరు కూడా దిగిందిగా, ఇంకేం కావాలండీ మీకు?" అంది. నిజమే, 22 గంటలకి పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.2 వచ్చింది. ఆ ఒక్క అంకె చూస్తే పాసైనట్టే. కానీ అక్కడికి రావడానికి అది తీసుకున్న టైమే నాకు నచ్చలేదు.

ఇంట్లో తరవాణి పెట్టే నా ప్రయత్నాల గురించి పోయినసారి రాసినదానికి కొనసాగింపు ఇది. మూడో కుండ, నాలుగో కుండ బ్రహ్మాండంగా వచ్చాయి. ఐదు, ఆరు, ఏడు వరసగా పోయాయి. బియ్యం అదే, కుండ అదే, విజయవాడ ఎండ అదే.

ఏడో కుండ లెక్క ఇది. వార్చిన గంజి 2.45 లీటర్లు, పాత తరవాణి తోడు 50 మిల్లీలీటర్లు, ఉప్పు 25 గ్రాములు, నాలుగు దబ్బాకులు. వంటింట్లో 34 డిగ్రీలు, కుండలో 31 నుంచి 33. పోసినప్పుడు పీహెచ్ 5.8. మూడు గంటలకీ 5.8, ఆరుకి 5.6, తొమ్మిదికి 5.4, పన్నెండుకి 5.1, పదిహేనుకి 4.8. భద్రమనుకునే గీత 4.6కి దిగేసరికి పదిహేడు గంటలు. మంచిగా వచ్చిన నాలుగో కుండలో తోడు కలపగానే 4.5 ఉంది, ఆరు గంటలకి 4.1.

పులుపెక్కాక తరవాణి గురించి నాకు టెన్షన్ లేదు. పులుపెక్కేలోపు పదిహేడు గంటలూ అది గోరువెచ్చని గంజే కదా, భయం దాని గురించే. బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు (స్పోర్లు, అంటే గట్టి పెంకులో నిద్రపోయే రూపం) బియ్యంలో మామూలుగానే ఉంటాయి, అన్నం ఉడికించినా చావవు. మిగతా బ్యాక్టీరియా చచ్చాక, పాత్ర చల్లారుతుంటే ఇవి తీరిగ్గా లేస్తాయి. అరగంటకోసారి రెట్టింపవుతాయనుకున్నా ఐదు గంటల్లో వెయ్యి రెట్లు. గ్రాముకి వందతో మొదలైతే లక్ష. మనిషికి వాంతులో విరేచనాలో పట్టుకునే లెక్క సుమారుగా ఆ లక్ష దగ్గర మొదలవుతుంది. 1970ల మొదట్లో బ్రిటన్‌లో చైనీస్ రెస్టారెంట్ల ఫ్రైడ్ రైస్ తిని జనం వాంతులు చేసుకున్న కేసుల్లో దోషి ఇదే. అన్నం పెద్ద మొత్తంలో వండి, బయటే ఉంచి, తర్వాత వేయించడం వల్ల జరిగింది.

"అయితే మళ్లీ మరిగించి తాగితే సరి" అని మా తమ్ముడు సలహా ఇచ్చాడు. అక్కడే చిక్కు. మరిగిస్తే పెరిగిన బ్యాక్టీరియా చస్తుంది కానీ, వాంతులు తెప్పించే సెరులైడ్ అనే విషం 121 డిగ్రీల దగ్గర కూడా చెడదు. మన ప్రెషర్ కుక్కర్ దాన్ని ఏమీ చేయలేదు. దానికి రుచీ లేదు, వాసనా లేదు. పైగా తర్వాత పీహెచ్ 4.2కి దిగినంత మాత్రాన ముందు తయారైన విషం పోదు. అందుకే పారబోశాను. తయారైందని నేను నిరూపించలేను, కాలేదని కూడా చెప్పలేను. నాన్నగారికి షుగర్, ఎనభై దగ్గర పడుతున్నారు. ఆయన గ్లాసులో పోసే ధైర్యం నాకు లేదు.

ఇక ఎందుకు పోతోందన్నది. మొదట నీళ్లని అనుమానించాను. ఐదో కుండకి తిన్నగా మున్సిపల్ కుళాయి నీళ్లే వాడాను, క్లోరిన్ వాసన ముక్కుకి కొట్టింది. ఆరో కుండకి ముందురోజే నీళ్లు వెడల్పు బేసిన్‌లో పోసి ఆరుబయట ఉంచాను. తేడా సున్నా. 24 గంటలకి ఐదోది 5.3, ఆరోది 5.2. రెండిట్లోనూ గరిటెతో తీస్తే జిగురు తీగలా రెండంగుళాలు సాగింది. పెరుగు పులిసిన వాసన కాదు, తడి గోనెసంచి వాసన. అయినా అన్నం వండిన నీళ్లలో క్లోరిన్ ఎంత మిగులుతుంది? ముందే ఆలోచించాల్సింది.

తర్వాత ఉప్పు. ఒక్క శాతానికి పులియబెట్టే బ్యాక్టీరియా జడవదు, అంతకు రెట్టింపు ఉప్పులో క్యాబేజీ చక్కగా పులుస్తుంది. కొట్టేశాను.

మూడోది వేడి. ఇది సిగ్గుపడాల్సిన విషయం. ఐదో కుండ రోజు ఆఫీసుకి టైమైపోతోందని గంజి వార్చిందే తడవు కుండలోకి ఒంపేశాను. ఆరోదీ అంతే. మూత పెట్టి వెళ్లిపోయాను, కొలవలేదు. ఏడోదానికి ముందు ఉత్త నీళ్లతో రిహార్సల్ చేశా: 80 డిగ్రీల నీళ్లు పోస్తే రెండు నిమిషాలకి కుండలో 68, గంటకి 55, మూడు గంటలకి 41. 68 దగ్గర మొదలై గంటసేపు 55కి పైనే ఉంటే తోడులోని పుల్లటి బ్యాక్టీరియా చాలావరకు చచ్చినట్టే. సెరియస్ బీజాలకి ఆ వేడి చక్కిలిగింత. అంటే పోటీదారుని నా చేత్తో చంపేసి, శత్రువుకి మైదానం అప్పగించాను. అమ్మమ్మ గంజి పోసేముందు చిటికెనవేలు ముంచి చూసేది. ఆవిడ వేలు నా ఆరువందల రూపాయల థర్మామీటరు కన్నా ముందే ఈ సంగతి కనిపెట్టింది.

ఏడోదానికి 38 డిగ్రీలకి చల్లార్చి పోశా. మెరుగైంది, జిగురు లేదు, కానీ ఆలస్యం పోలేదు. మిగిలింది తోడు. మూడు, నాలుగు కుండలకి అర లీటరు తోడు వేసేవాణ్ని, అంటే ఇరవై శాతం. నాలుగోది తాగితే పళ్లు పులిశాయని పిల్లలు గోల చేస్తే ఐదోదాని నుంచి 50 మిల్లీలీటర్లకి తగ్గించాను. రెండు శాతం. అదే రోజు వేడి గంజి కూడా. ఒకేసారి రెండు మార్చడం వల్ల ఏది కారణమో తేలక మూడు వారాలు పోయాయి. పైగా ఏడోదానిలో వేసిన తోడు మూడు వారాలుగా ఫ్రిజ్‌లో నిద్రపోయిన సీసాలోది.

నా ఊహ ఇది: ఇరవై శాతం తోడు చేసే మేలు బ్యాక్టీరియా సంఖ్యలో కన్నా, అది వెంటబెట్టుకొచ్చే పులుపులో ఎక్కువ. కలిపిన క్షణమే 4.5. 4.6 గీత అసలు బోటులినం (ప్రాణాంతక విషం తయారుచేసే బ్యాక్టీరియా) కోసం గీసింది గానీ, సెరియస్ కూడా ఆ చుట్టుపక్కలే చతికిలబడుతుంది. రెండు శాతంతో ఆ రక్షణ మొదటి పదిహేడు గంటలూ లేదు. పులుపు తగ్గాలంటే తాగేటప్పుడు నీళ్లు కలుపుకోవాలి గానీ తోడు తగ్గించకూడదు.

మీటరు గురించి ఒక మాట. పసుపు రంగు పెన్ను మీటర్లు చవక, కానీ వారానికోసారి పీహెచ్ 4.01 అని ముందే తెలిసిన ద్రావణంలో పెట్టి సరిచూడకపోతే కథలు చెబుతాయి. నాది 0.2 ఎక్కువ చూపిస్తుంటే సరిచేశాకే పై అంకెలు రాశాను. లిట్మస్ లాంటి కాగితం పట్టీలు ఈ పనికి దండగ, గంజి తెలుపులో 4.5కీ 5కీ తేడా నాకైతే కనపడదు. హన్నా కంపెనీ మీటరు మీద కన్నుంది, దసరా బోనస్ వచ్చాక చూడాలి. బియ్యం విషయంలో మాత్రం నా ఓటు స్వర్ణకే. బీపీటీ అన్నం తినడానికి బాగుంటుంది, గంజి పల్చన.

ఎనిమిదోసారి కుండ జోలికి పోను. ముందు ఫ్రిజ్ తోడుని రెండుసార్లు చిన్న సీసాలో తాజా గంజితో లేపి, తర్వాత నాలుగు పావు లీటరు గాజు సీసాల్లో 2, 5, 10, 20 శాతం తోడు వేసి పక్కపక్కన పెడతా. ఐదో సీసాలో రెండు శాతం తోడే, కానీ మొదట్లోనే నిమ్మరసం పిండి 4.5కి దించి చూస్తా. అది పనిచేస్తే నా ఊహ నిలబడినట్టే. రెండు గంటలకోసారి కొలవాలి కాబట్టి శనివారం రాత్రి అలారాలు తప్పవు. సీసాల్లో ఏదీ తాగను, అన్నీ సింకుకే.

ఆ తర్వాత రాగి అంబలికి ఇదే లెక్క. వెల్లుల్లి నూనెలో వేసి గట్టు మీద ఉంచే ప్రయోగం చేయమని అడిగినవాళ్లకి మాత్రం సారీ, బోటులినంతో నాకు ఆటలొద్దు. ఈలోగా, ఎవరింట్లోనైనా నడుస్తున్న తరవాణి కుండ ఉంటే, తోడు వేసిన వెంటనే ఒకసారి, ఆరు గంటలకి ఒకసారి పీహెచ్ కొలిచి చెప్పండి. తోడు ఎన్ని గరిటెలు వేశారో కూడా.